తెర మీద ఈరన్న అంచు

నేను లెక్కల టీచర్‌ను. కంప్యూటర్ టీచర్ అని ఏ ఉత్తర్వులోనూ నన్ను ఎవరూ రాయలేదు. అయినా నాగర్‌కర్నూలులో మొదలై, వనపర్తి మీదుగా వచ్చి, గద్వాలలో ముగిసిన నా ఉద్యోగంలో చాలా భాగం కంప్యూటర్ల ముందే గడిచింది. ఇప్పుడు ఆ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "మేడం, హైస్కూల్ పిల్లలకు ఆబ్జెక్టులు, క్లాసులు ఎట్లా చెప్పాలి?" అని అడుగుతారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

బదిలీలు, తనిఖీలు, ప్రమోషన్ల సంగతి వదిలేస్తాను. అవి అందరి ఉద్యోగాల్లోనూ ఒకేలా ఉంటాయి. పాఠం చెప్పడం మాత్రం అట్లా ఉండదు.

గుడ్డ కప్పిన యంత్రం

ఎనభైల చివర్లో నాగర్‌కర్నూలులో మా బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. అప్పటి హెడ్మాస్టరు దాన్ని తన గదిలోనే పెట్టించి, పైన పువ్వుల గుడ్డ కప్పించారు. పెద్దలు ఎవరైనా వస్తే గుడ్డ తీసి చూపించి, మళ్లీ కప్పేవారు. పిల్లలు కిటికీలోంచి చూసేవారు.

"ముట్టుకుంటే ఖరాబైతది. జర దూరం నుంచే చూడుండ్రి" అనేవారాయన. చెడ్డ మనిషి కాదు. అది పాడైతే సంజాయిషీ రాయాల్సింది తానేనని భయం. నా అనుభవంలో బళ్లో యంత్రాలు వాడకం వల్ల చెడిపోయినవి తక్కువ. గుడ్డ కింద చెడిపోయినవే ఎక్కువ.

ఒకరోజు ఆయన మీటింగుకు మహబూబ్‌నగర్ వెళ్లినప్పుడు నేను ఎనిమిదో తరగతి పిల్లలను గదిలోకి పిలిచాను. వాళ్లలో లింగమ్మ అని మన్ననూర్ పిల్ల ఉండేది. తండ్రి అటవీ శాఖలో కూలి. ఆ పిల్ల హాస్టల్లో ఉండి చదివేది. ఒక్కొక్క అక్షరం వెతుక్కుని తన పేరు కొట్టింది. తెర మీద పేరును చాలాసేపు చూసి అడిగింది:

"రేపొస్తే నా పేరు ఉంటదా టీచర్?"

"ఉండదమ్మా. కరెంటు తీస్తే పోతది." దాచుకునే డిస్కు మాకు ఇవ్వలేదు.

"మరి ఎందుకిది?"

"ఎక్కాలు చెప్తది. ఎంత పెద్దవైనా."

"ఎక్కాలు నాకొస్తయి" అని లేచి, పక్కపిల్లకు చోటిచ్చింది.

ఆ పిల్ల వెక్కిరించలేదు. ఉన్నమాట అన్నది. పిల్లలకు యంత్రం కొత్తదనం ఒక్కపూటే. ఆ తర్వాత, తమది ఏదైనా అందులో ఉందా లేదా అనే చూస్తారు. ఈ సంగతి శిక్షణ తరగతుల్లో నాకు ఎవరూ చెప్పలేదు.

సుధాకర్ సార్

తొంభైల మధ్యలో వనపర్తికి వచ్చాక ఒక కంప్యూటర్ సెంటర్లో చేరాను. బస్టాండుకు దగ్గర్లో, బట్టల దుకాణం మీద అంతస్తులో ఉండేది. సాయంత్రం బ్యాచి అంతా డిగ్రీ పిల్లలు. వాళ్ల వెనక బెంచీలో నేనొక్కదాన్నే చీర కట్టుకున్న విద్యార్థిని. చెప్పే ఆయన సుధాకర్ సార్, వయసులో నాకంటే చిన్నవాడు.

అప్పటిదాకా నాకు తెలిసింది బేసిక్ భాష. మొదటి గీత నుంచి చివరి గీత దాకా వరసగా 'ఇది చెయ్యి, అది చెయ్యి' అని రాసుకుంటూ పోవడమే. సుధాకర్ సార్ సి ప్లస్ ప్లస్ చెప్పేవారు. చెప్పడం అంటే, నిర్వచనాలు చదివి రాయించడం. క్లాస్ అంటే ఇది, ఆబ్జెక్ట్ అంటే ఇది, వారసత్వం అంటే ఇది. పిల్లలు తలవంచుకుని రాసుకునేవారు. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. అడిగితే అర్థం కాలేదని తెలిసిపోతుందని భయం.

నాకు ఆ వయసు దాటిపోయింది కాబట్టి అడిగేదాన్ని. ఒకసారి విసుగెత్తి ఆయన నోట్సు మూసేశారు.

"మేడం, ఇన్నాళ్లూ మీరు ప్రోగ్రాం రాసేటప్పుడు ఏమేం పనులు చేయాలె అని ఆలోచించిన్రు. ఇప్పుడు గట్ల ఆలోచించొద్దు. ముందు ఇందులో ఎవరెవరున్నరో చెప్పుండ్రి. వాళ్ల దగ్గర ఏమేమున్నయో చెప్పుండ్రి. వాళ్లకు ఏమేం చేయొస్తదో చెప్పుండ్రి. పని దానంతట అదే అయితది."

ఆ ఏడాదంతటిలో ఆయన చెప్పినవాటిలో నాకు ఉపయోగపడింది ఆ నాలుగు మాటలే. నోట్సు మూశాక చెప్పిన మాటలు అవి.

ఇది బడి పిల్లలకు చెప్తానంటే నవ్వారు. "డిగ్రీ పిల్లలకే ఎక్కుతలేదు. ముందు సి రావాలె, ఆ తర్వాత ఇది." చాలామంది అభిప్రాయం ఇప్పటికీ అదే. నేను ఒప్పుకోను. పదమూడేళ్ల పిల్లకు ఒకే పనిని తిప్పి తిప్పి చేయించే 'లూపు' కష్టం కావచ్చు గానీ, 'ఎవరి దగ్గర ఏముంది, ఎవరికేం వచ్చు' అన్నది పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇంట్లో రోజూ చూసేది అదే.

సుధాకర్ సార్ గురించి ఇంకొక మాట కూడా చెప్పాలి. నా ప్రోగ్రాములు తప్పుల తడకలుగా ఉండేవి. బ్యాచి అయిపోయాక కూర్చుని ఒక్కొక్కటీ దిద్దేవారు. నలుగురి ముందు కటువుగా ఉండేవారు, ఒక్కరి ముందు ఓపికగా ఉండేవారు. అట్లాంటివాళ్ల దగ్గర నేర్చుకోవాలంటే ఒంటరిగా దొరకబుచ్చుకోవాలి.

క్లాసు అంటే మనదేనా

గద్వాలకు వచ్చాక మా హైస్కూలుకు ఎవరో దాత మూడు పాత కంప్యూటర్లు ఇచ్చారు. హెడ్మాస్టరు ఖాదర్ సార్ నాగర్‌కర్నూలు హెడ్మాస్టరుకు పూర్తిగా భిన్నం. "టీచరమ్మా, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండ్రి. పిల్లలకు ఏమన్న నేర్పుండ్రి. సైన్స్ ప్రదర్శనకు మాత్రం ఏదో ఒకటి చూపెట్టాలె" అన్నారు. తొమ్మిదో తరగతిలో ఇష్టమున్న పిల్లలను బడి విడిచాక కూర్చోబెట్టాను.

మొదటిరోజే ఇటిక్యాల నుంచి బస్సులో వచ్చే మల్లేష్ లేచాడు.

"టీచర్, క్లాసు అంటే మనదేనా? తొమ్మిది బీ?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. వాడి ప్రశ్న చాలా సరైనది. బోర్డు మీద మాట పెట్టి, అది అంతకుముందు పిల్లలకు ఏమిటో అడగకపోతే పాఠం అక్కడే ఆగిపోతుంది. నాలుగు రోజుల తర్వాత 'ప్రైవేట్' అనే మాట వచ్చినప్పుడూ అంతే.

"ప్రైవేట్ అంటే సార్ వాళ్లింటికి పోయేదే కద టీచర్, పైసలిచ్చి?"

"అది ట్యూషన్ రా. ఇది వేరే. ఆబ్జెక్టు తన దగ్గర ఉన్నదాన్ని బయటోళ్లు చెయ్యి పెట్టి మార్చకుండా లోపల పెట్టుకోవడం."

"అట్లయితే బయటోళ్లకు కావాల్నంటే?"

"అడగాలె. ఇచ్చేదైతే అదే ఇస్తది."

"మా నాయినమ్మ పెట్టె లెక్క" అన్నాడు మల్లేష్. ఆ పోలిక నేను ఆ తర్వాత ప్రతి ఏడూ వాడుకున్నాను.

ఉదాహరణలు నేను ఇవ్వలేదు. వాళ్లనే తెచ్చుకోమన్నాను. పుస్తకాల్లో కారు, బ్యాంకు ఖాతా ఉంటాయి. మా పిల్లల్లో ఎవరింటా కారు లేదు. మల్లేష్ బోరు మోటారు తెచ్చాడు. దానికి గుర్రపు బలం ఉంటుంది, నీళ్లు పోయడం వస్తుంది, కరెంటు పోతే ఆగిపోవడం కూడా వస్తుంది. సరోజ చీర తెచ్చింది.

సరోజ చీర

సరోజ తండ్రి ఈరన్న గద్వాల నేతగాడు. ఇంట్లో ఒకటే మగ్గం. బసవరాజు అనే షావుకారు మగ్గానికి ఎక్కించే నిలువు దారాల పడుగు, పట్టు, జరీ ఇచ్చేవాడు. ఈరన్న నేసి ఇచ్చి మజూరి తీసుకునేవాడు. ఊళ్లో చాలామంది పద్ధతి అదే. సరోజ మాట తక్కువ. ఏదైనా అడిగితే ముందు కిందికి చూసి, ఆ తర్వాత జవాబు చెప్పేది.

ఆమె చీర క్లాసులో, అంటే ప్రతి చీరకూ అచ్చులాంటి నమూనాలో, బాడీ రంగు, అంచు, కొంగు ఉన్నాయి. 'గియ్యి' అంటే తెర మీద గీసేది. ఎర్ర చీర, పచ్చ చీర, నీలం చీర, మూడూ ఒక్క క్లాసులోంచి పుట్టిన మూడు ఆబ్జెక్టులు. అంతవరకూ బాగానే వచ్చింది. ఒకరోజు ఎర్ర చీర రంగు మారిస్తే మూడూ మారిపోయాయి.

"ఏంది టీచర్ ఇది? ఒక్కదానికి రంగేస్తే అన్నిటికి అంటుకున్నది."

రంగును ఆమె క్లాసు బయట, అందరికీ ఉమ్మడిగా ఒక్కచోట రాసింది. నేను తప్పు చూపించలేదు. "మీ ఇంట్ల చీరలన్నీ ఒక్క రంగు తొట్లె ముంచుతరా?" అని అడిగి ఊరుకున్నాను. కాసేపు కిందికి చూసింది. తర్వాత రంగును తీసి ఒక్కొక్క చీర లోపల పెట్టింది. ఆబ్జెక్ట్ అంటే ఏమిటో ఆ పిల్లకు ఆరోజు తెలిసింది. ఎవరి రంగు వాళ్ల దగ్గర ఉండాలి. ఈ తప్పు చేయకుండా ఈ పాఠం వచ్చినవాళ్లను నేను చూడలేదు. కాబట్టి పిల్లలు ఈ తప్పు చేయబోతుంటే చేయనివ్వండి.

వారసత్వం, అంటే ఒక క్లాసులోంచి ఇంకో క్లాసు పుట్టించడం, దగ్గర నేను చెప్పాల్సిన పనే పడలేదు. మామూలు అంచు అని ఒకటి రాసుకుని, దాని నుంచి కోటకొమ్మ అంచు పుట్టించింది. అంచుకు ఉన్నవన్నీ దానికీ ఉంటాయి, పైన గుడి శిఖరాల్లాంటి కొమ్మలు అదనం. ఆ కోటకొమ్మ నుంచి ఇంకొకటి పుట్టించింది. కొమ్మకు కొమ్మకు మధ్య చిన్న హంస, ఒకటి కుడికి చూస్తే తర్వాతది ఎడమకు.

"ఇది ఎక్కడిదమ్మా?"

"మా నాయిన గీసిండు టీచర్. ఇప్పుడు మగ్గం మీదున్నది."

అది గ్రాఫు కాగితం మీద ఈరన్న తానుగా కల్పించిన అంచు. షావుకారుకు చూపిస్తే బాగుంది, నెయ్యి అన్నాడట. సరోజ ఆ గడులన్నీ ఒక్కొక్కటిగా తెర మీదికి ఎక్కించింది. పూర్తయ్యాక కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వరస రాసింది: అంచు గీసినవారు, ఈరన్న. నేను చూశాను. బాగుందన్నాను.

ప్రదర్శన

ఆ ఏడు ప్రదర్శన మా బళ్లోనే జరిగింది. చుట్టుపక్కల బళ్ల నుంచి పిల్లలు వచ్చారు. ఆత్మకూరు నుంచి కూడా ఒక జట్టు వచ్చింది. ఊళ్లో జనం కూడా వచ్చారు. మోటారు ముందు మల్లేష్, చీర ముందు సరోజ నిలబడ్డారు. మీట నొక్కితే అంచు కింది నుంచి పైకి గడి గడిగా పెరుగుతుంటే జనం కదలకుండా చూశారు. ఖాదర్ సార్ నాలుగుసార్లు ఆ గదికి వచ్చి వెళ్లారు.

రాయచూరు నుంచి చీరలు కొనడానికి వచ్చిన వ్యాపారి ఒకాయన, బంధువుల పిల్ల ప్రదర్శనలో పెట్టినది చూడటానికి వచ్చి, ఈ తెర ముందు ఆగాడు. పేరు చదివాడు.

"ఈరన్న అంటే యారు? ఎవరమ్మా?" అని సరోజను అడిగాడు.

"మా నాయిన."

"ఇల్లెక్కడ?"

చెప్పింది. ఎందుకు చెప్పకూడదో ఆ పిల్లకు తెలియదు. నేను పక్కనే ఉన్నాను, నాకూ తెలియదు.

ఆయన ఆ సాయంత్రమే ఈరన్న ఇంటికి వెళ్లి, మగ్గం మీద చీర చూసి, ఇట్లాంటివి నాకు నేసిపెడతావా అని అడిగాడు. ఈరన్న నెయ్యనన్నాడు. పడుగు షావుకారుది, మాట షావుకారుకు ఇచ్చింది. వ్యాపారి వెళ్లిపోయాడు. వీధిలోకి వచ్చిన మనిషిని వీధంతా చూసింది. మర్నాటికి బసవరాజు షావుకారు చెవిన పడింది. మగ్గం మీద ఉన్న చీర పూర్తి కాగానే ఆయన మనుషులు వచ్చి తీసుకెళ్లారు. కొత్త పడుగు పంపలేదు.

ఖాళీ మగ్గం

సరోజ బడికి రావడం మానేసింది. వారం చూసి, ఇంటికి వెళ్లాను.

ఈరన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపల గుంట మగ్గం ఖాళీగా ఉంది. సరోజ, ఆమె తల్లి ఎవరి మగ్గానికో దారం కండెలు చుడుతున్నారు. నన్ను చూసి సరోజ లేవలేదు.

"కూసోండ్రి టీచరమ్మా" అన్నాడు ఈరన్న. నేను కూర్చున్నాక అడిగాడు: "పేరు రాయమని ఎవరు చెప్పిన్రు ఆమెకు?"

"ఎవరూ చెప్పలేదు. ఆమే రాసింది."

"నేనడిగిన్నా? ఇరవై ఏండ్ల సంది నేస్తున్న. ఏ చీర మీదన్న నా పేరున్నదా? ఎవరి పేరన్న ఉన్నదా?" గొంతు పెంచలేదు. "సదువుకోనీకె పంపితే ఇంటి మీదికి తెచ్చింది."

లోపలి నుంచి తల్లి అంది: "పిల్లనెందుకంటవు? ఆమెకేం తెల్సు."

"తెల్వదు. అదే అంటున్న."

సరోజ కండె చుట్టడం ఆపలేదు. ముఖం మాత్రం గోడవైపు తిప్పుకుంది.

మర్నాడు ఖాదర్ సార్‌కు చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. పరేషాన్ అయ్యారు కూడా. "మనకెందుకు టీచరమ్మా ఈ పంచాయితీ? ఆ పేరొక్కటి తీసేస్తే అయిపోతది కద. బొమ్మ బొమ్మనే ఉంటది." నేను మాట్లాడేలోపే ఇంకో పిల్లవాడిని పిలిచి ఆ వరస చెరిపించారు. మంచి అధికారుల్లో చాలామందికి ఉండే గుణం ఇది. పిల్లలు చేసినదాన్ని చూసి అందరికంటే ముందు సంతోషిస్తారు, గొడవ వస్తే అందరికంటే ముందు చెరిపేస్తారు. రెండింటిలోనూ నటన ఉండదు.

పేరు రాయడం తప్పని నేను అప్పుడు అనుకోలేదు. ఇప్పుడూ అనుకోను. కానీ ఒక మగ్గం ఆగిపోయింది. అది బడి నుంచి మొదలైంది కాబట్టి బడి తరఫున ఎవరో ఒకరు వెళ్లాలి. షావుకారును కలుద్దామని ఈరన్నకు కబురు పంపాను. తాను క్షమించమని అడుగుతానన్నాడు. సరోజను కూడా తీసుకొస్తానన్నాడు.

షావుకారు ఇంట్లో

బసవరాజు షావుకారు తెల్లదుప్పటి పరిచిన గద్దె మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మడత చీరల దొంతర. మమ్మల్ని కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు. అరిచి గోల చేసే మనిషి అనుకుని వెళ్లాను. కాదు.

"ఈరన్నా, నేను నీకు ఏమన్న తక్కువ చేసిన్నా?"

"చేయలే షావుకారూ."

"మరి ఆ రాయచూరాయన నీ ఇంటికి ఎందుకొచ్చిండు?"

"నేను పిలవలే."

"నువ్వు పిలవలే. నీ పేరు పిలిచింది."

నేను కల్పించుకున్నాను. "అది బడి పాఠం షావుకారు గారూ. పిల్ల తన తండ్రి పేరు రాసుకున్నది. అంతే."

"టీచరమ్మా, మీ మీద నాకు కోపం లేదు. ఆ పిల్ల మీద అసలే లేదు. ఒక్క మాట ఇనండ్రి. పట్టు నాది. జరీ నాది. ఆ చీర అమ్ముడుపోకుంటే నష్టం నాది. అంచొక్కటి ఆయనదెట్లయితది? రేపు ప్రతి మగ్గం మీద ఒక్కొక్క పేరుంటే నా దుకాణంల నేనేమమ్మాలె?" సరోజ వైపు తిరిగాడు. "ఆ పేరు తీసెయ్యి బిడ్డా. రేపే పడుగు పంపిస్త."

న్యాయంగానే ఉందనిపించింది. ఖాదర్ సార్ అప్పటికే తీయించారని చెబితే సరిపోతుంది కూడా. నేను నోరు తెరిచేలోపు సరోజ కిందికి చూసి, "తీసేస్త" అంది.

"ఆగు" అన్నాడు ఈరన్న.

అప్పటిదాకా చేతులు కట్టుకుని ఉన్నాడు. చేతులు వదిలాడు.

"షావుకారూ, పట్టు నీదే. జరీ నీదే. చీర నీదే. అమ్ముకో, నేనేమనను. ఆ అంచు గీసింది నేను. గీయలేదని ఎట్ల చెప్పాలె?"

"చెప్పమంటలే. పేరు తీయమంటున్న."

"రెండు ఒకటే కద."

షావుకారు ఆయన వైపు తిరిగాడు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా కనిపించింది. ఆ మనిషి నోట ఇన్ని మాటలు ఆయన ముందెప్పుడూ విని ఉండడు.

"ఆలోచించుకో" అన్నాడు.

"అయింది" అని ఈరన్న దండం పెట్టి లేచాడు.

బయట వీధిలోకి వచ్చాక సరోజ ఏడుపు గొంతుతో అంది: "నేను తీసేస్తనంటిని కద నాయినా."

"నువ్వు తీస్తే, రాసింది నీ తప్పయితది" అన్నాడు. "తప్పు కాకపాయె."

నేను వాళ్లతో సందు చివరి దాకా నడిచాను.

తర్వాత జరిగినవి

రాయచూరు వ్యాపారి మళ్లీ రాలేదు. ఈరన్న కొన్ని నెలలు వేరేవాళ్ల మగ్గాల మీద, దొరికినరోజు దొరికినంత నేశాడు. ఎండాకాలం కష్టంగా గడిచింది. తర్వాత నేతగాళ్ల సొసైటీలో చేరితే నూలు ఇచ్చారు. షావుకారు ఇచ్చేదానికంటే మజూరి తక్కువ, పట్టు పని అంతకంటే తక్కువ. ఇది ఆయనకు లాభించిందని నేను చెప్పలేను. షావుకారు ఆ హంసల అంచును వేరే మగ్గాల మీద నేయించాడు. బాగానే అమ్ముడుపోయిందని విన్నాను. పంచాయితీ ఊరంతా తెలిసింది కాబట్టి, నేసేవాళ్లు దాన్ని ఈరన్న అంచు అనేవారు. షావుకారు ముందు మాత్రం ఎవరూ అనేవారు కాదు.

సరోజ బడికి తిరిగి వచ్చింది. మునుపటికంటే తక్కువ మాట్లాడేది. కంప్యూటర్ గదికి మాత్రం కొన్నాళ్లు రాలేదు. వచ్చిన రోజు మల్లేష్ మోటారు ప్రోగ్రాంలో తప్పు వెతుకుతుంటే పక్కన కూర్చుని చూపించింది. తన చీర తెరవలేదు. నేనూ తెరవమనలేదు. పిల్లలు ఒక పని దగ్గరికి తిరిగి వచ్చే దారి వాళ్లకే తెలుస్తుంది. మనం గది తెరిచి ఉంచితే చాలు.

ఇప్పుడు పనిలోకి వస్తున్నవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఒకటుంది. ఉదాహరణ పిల్లల ఇంట్లోంచి తీసుకోండి. అంతకంటే మంచి దారి లేదు. కానీ చీర తెస్తే చీర ఒక్కటే రాదు. మగ్గం వస్తుంది, దాని మీద పడుగు ఎవరిదన్నది వస్తుంది, ఆ ఇంట్లో ఎవరు ఎవరికి భయపడతారన్నది వస్తుంది. అవన్నీ వచ్చినప్పుడు, నాది పాఠం వరకే అని తప్పుకోకండి. అట్లా అని అన్నీ చక్కబెడతామని కూడా అనుకోకండి. నేను వెళ్లడం వల్ల ఈరన్నకు పడుగు రాలేదు. పక్కన కూర్చున్నాను, అంతే.

పదో తరగతి పరీక్షలకు ముందు ఒక మధ్యాహ్నం ఈరన్న బడికి వచ్చాడు. ఎప్పుడూ గేటు దాటి రాని మనిషి. చెప్పులు బయట విడిచి, కంప్యూటర్ గది గడప దగ్గర నిలబడ్డాడు. లోపల సరోజ, నేను ఉన్నాం.

"ఆ అంచు ఇందులనే ఉన్నదంటివి కద" అన్నాడు కూతురితో. "నేను సూడలే."

అప్పటికి గుర్తొచ్చింది. ఊళ్లో అంతమంది చూశారు, ఆయన చూడలేదు. ప్రదర్శన రోజు మగ్గం మీద ఉన్నాడు. కుర్చీ వేశాను. కూర్చోలేదు. సరోజ మీట నొక్కింది. కింది నుంచి గడి గడిగా అంచు పెరిగింది. కొమ్మలు వచ్చాయి. హంసలు వచ్చాయి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. బొమ్మ నిలిచింది.

"పేరేదీ?"

సరోజ నా వైపు చూసింది. ఆయనకు ఎవరూ చెప్పలేదని అర్థమైంది.

"తీసేసిన్రు నాయినా. హెడ్మాస్టర్ సార్ తీయించిండు."

సరోజ ప్రోగ్రాం తెరిచి, కిందికి వెళ్లి, పోయిన వరసను మళ్లీ కొట్టింది. మీట నొక్కింది. అంచు మొదటి నుంచి పెరిగి, చివర పేరు వచ్చింది.

"ఇది నీ పేరు" అని వేలు పెట్టి చూపించింది.

"తెలుగుల రాదా?"

"ఇందుల రాదు."

ఆయన కొంచెం ముందుకు వంగి ఆ అక్షరాలను చూశాడు. తర్వాత తల ఊపాడు.

"మళ్ల తీసేస్తరా?"

"తీసేయొచ్చు" అంది సరోజ.

"తీసేస్తే మళ్ల రాయి" అన్నాడు ఈరన్న. గడప దాటి చెప్పులు తొడుక్కుని, మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు.